పట్టేద్దామా, ఉంచుదామా

2023 డిసెంబరు మొదటి వారం. మిచాంగ్ తుపాను కోస్తా మీదికి వస్తోందని తెలిసినప్పటి నుంచి భీమవరం చుట్టుపక్కల ఎవరి ఫోన్ మోగినా ఒకటే మాట: పట్టేద్దామా, ఉంచుదామా? మా బాబాయి చెరువులో రొయ్య వంద కౌంటులో ఉంది, అంటే కిలోకి వంద. ఇంకో నెల మేపితే యాభై, అరవైకి వస్తుంది. నాలుగు రూపాయలు మిగిలేది అప్పుడే. తొందరపడి పట్టేవాళ్లు ఎక్కువయ్యేసరికి కొనేవాళ్లు రేటు దించారు.

"ఉంచుదాంరా" అన్నాడు బాబాయి.

తూము ఎత్తి కొంత నీరు వదిలాం, పడబోయే వానకి చోటుండాలిగా. మేత సగానికి తగ్గించాం. సున్నం బస్తాలు, డీజిల్ డ్రమ్ములు షెడ్డులోకి చేర్చాం.

నీళ్లలో పుట్టి నీళ్లలో పెరిగేదాన్ని వానేం చేస్తుందని హైదరాబాదులో ఉన్న నా స్నేహితుడు నవ్వాడు. కానీ చెరువు నీరు కాస్త ఉప్పన. వాన నీరు తేలిక, అది పైన పరుచుకుంటే అడుగు నీటికి గాలి అందదు. మబ్బు పట్టి ఎండ లేకపోతే నీటిలోని పచ్చదనం పగలు ఆక్సిజన్ సరిగా ఇవ్వదు, రాత్రికి ఉన్నది కూడా తానే వాడేస్తుంది. ఉప్పు శాతం ఒక్కసారిగా పడితే రొయ్యలు గుల్ల విడుస్తాయి, మెత్తగా దొరికినదాన్ని పక్కది కొరికేస్తుంది. చలికి మేత ముట్టవు. తెల్లమచ్చ రోగం లేచేదీ అప్పుడే.

5వ తేదీ మధ్యాహ్నం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంత దూరాన దాటినా మాకు వాన ఆగలేదు, కరెంటు లేదు, నీటికి గాలి పట్టించే ఏరేటర్లన్నీ జనరేటర్ మీదే. తెల్లవారుజామున ఆ జనరేటర్ దగ్గి ఆగిపోయింది. డీజిల్ లైనులో ఎయిర్ పట్టింది. మెకానిక్కు వచ్చే దారి లేదు. బాబాయి తల మీద గోనె కప్పుకుని లైను విప్పుతుంటే, కాపలా కుర్రాడూ నేనూ ఆక్సిజన్ మాత్రలు చల్లుతూ గట్టు చుట్టూ పరుగు. టార్చి వేస్తే గట్టు వార నీళ్లలో ఎర్రగా కళ్లు, కళ్లు, కళ్లు. రొయ్యలు తేలుతున్నాయి. ఏరేటర్ చక్రాలు మళ్లీ తిరిగేసరికి కొన్ని అడుగున పడిపోయాయి, చాలావరకు దక్కాయి. జనరేటర్ లేని పక్క చెరువు రైతుకి ఆ పాటి కూడా దక్కలేదు.

వాతావరణం మారింది, కాదనను. కానీ అంతా దాని మీదికే తోసెయ్యడం నాకు నచ్చదు. టైగర్ రొయ్య రోజుల్లో మా చెరువులో పిల్లలు పలచగా వేసేవారు, ఏరేటర్ మాటే లేదు. 1994-95లో దాన్ని దెబ్బకొట్టింది తెల్లమచ్చ. 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక చదరపు మీటరుకు 60 పిల్లల దాకా వెయ్యొచ్చన్నారు. ఇంత కిక్కిరిసిన చెరువు గంటసేపు కరెంటు పోతేనే తట్టుకోలేదు, తుపాను దాకా ఎందుకు?

ఇప్పుడు బాబాయి సీడు సగమే వేస్తున్నాడు. అక్టోబరుకల్లా పట్టేసి, డిసెంబరు వెళ్లేదాకా చెరువు ఎండబెడుతున్నాడు. పక్కవాళ్లలో ఒకరిద్దరు రొయ్య మానేసి శీలావతి, బొచ్చె చేపలు వేశారు. కౌలుకి తీసుకున్నవాళ్లు మాత్రం ఇదేదీ చెయ్యలేకపోతున్నారు. చెరువు ఎండినా, నిండినా లీజు పన్నెండు నెలలకీ కట్టాలి.