చన్నీళ్ల వుజూ

చలికాలంలో ఫజ్ర్ అజాన్‌కు ముందే మా మదరసా హౌజు వద్ద విద్యార్థులు బారులు తీరుతారు. 15 ఏళ్ల బాలుడొకడు మాత్రం నిరుడు తరచూ పక్క మీదనే ఉండిపోయేవాడు. "హజ్రత్, ఎముకల్లో నొప్పి" అనేవాడు. సబఖ్ అప్పజెప్పలేని పిల్లల సాకుగా దానిని భావించి, మందలించి, చన్నీళ్లతోనే వుజూ చేయించాము. ఒకసారి కాదు, పలుమార్లు.

చివరకు రక్తపరీక్షలో సికిల్ సెల్ వ్యాధి అని తేలింది. వైద్యురాలు ఓపికగా వివరించగా, ఈ వయసులో మేము విద్యార్థులమై విన్నాము.

ఎర్ర రక్తకణం ఇరువైపులా నొక్కిన బిళ్ల వంటిది. వెడల్పు సుమారు 8 మైక్రోమీటర్లు. మైక్రోమీటరంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అది దాటవలసిన కేశనాళికలు కొన్నిచోట్ల అంతకన్నా ఇరుకు. ప్లీహంలోని చీలికలు మరీ సన్నం. అయినా దాటుతుంది. దానిలో కేంద్రకం లేదు. పూర్తిగా నిండని సంచిలా పైపొర వదులుగా ఉంటుంది. ఆ పొర కింద స్పెక్ట్రిన్ అనే ప్రొటీను వల సాగుతుంది. అందువల్ల ఇరుకులో గొడుగులానో తూటాలానో ముడుచుకొని, ఒకదాని వెనుక ఒకటిగా జారి, అవతల మళ్లీ బిళ్లగా తేరుకుంటుంది. ఇలా దాదాపు 120 రోజులు. వయసు మీరి బిరుసెక్కిన కణాలను ప్లీహమే ఆపివేస్తుందట. (ఏభై దాటిన మా మోకాళ్లకు ఆ మాట అంతగా రుచించలేదు.)

ఆ బాలుని హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఒక్క అమైనో ఆమ్లం మారి ఉంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వచ్చిన మార్పు అది. వారిరువురూ ఆరోగ్యంగానే ఉన్నారు. ఆక్సిజన్‌ను విడిచినప్పుడు ఆ హిమోగ్లోబిన్ కణం లోపల పోగులుగా పేరుకుంటుంది. కణం కొడవలిలా మారి బిగుసుకుపోతుంది. వంగవలసిన చోట వంగదు, దారి మూసుకుంటుంది, అవతలి ఎముకకు రక్తం అందదు. ఆ నొప్పినే మేము సాకన్నాము. చలి, ఒంట్లో నీరు తగ్గడం ఆ నొప్పిని రేపుతాయని విన్నప్పుడు మాకు హౌజు గుర్తుకు వచ్చింది.

క్షమాపణ కోరాము. తల వంచుకున్నాడే తప్ప బదులు పలకలేదు.

రమజాన్‌లో ఉపవాసం వద్దని వైద్యురాలు చెప్పారు. రోగికి గల మినహాయింపును మేము ఏళ్ల తరబడి బోధిస్తున్నాము. "అందరూ ఉపవాసముంటే నేనొక్కణ్ణి ఎలా తాగను, హజ్రత్?" అన్నాడు. జుహర్ తర్వాత మా గదికి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, చెంబుతో నీళ్లు అందించాము. మా ముఖం వైపు ఒకసారి చూసి, తాగాడు.