కూకట్‌పల్లిలో సొంతిళ్లు, అద్దె ఇళ్లు

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఇంటి నంబర్ల ముందు ఎల్‌ఐజి, ఎంఐజి, హెచ్‌ఐజి అన్న అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. తక్కువ, మధ్యస్థ, ఎక్కువ ఆదాయాల వాళ్లకంటూ అప్పటి ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు చేసిన విభజన అది. అప్పట్లో హైదరాబాదుకు ఇది బాగా దూరం. బాలానగర్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల కార్మికులు, గుమస్తాలు, టీచర్లు వాయిదాల మీద ఇక్కడ ఇళ్లు తీసుకున్నారు. చిరునామాలో ఎల్‌ఐజి అనే ఉన్నా, ఆ చిన్న ఇంటి స్థలంలో ఇప్పుడు నాలుగంతస్తుల మేడ ఉంటుంది. కింద దుకాణం, పైన పోర్షన్లు, డాబా మీద పెంట్‌హౌస్. ఓనరు కుటుంబం ఒక అంతస్తులో సర్దుకుని మిగతావన్నీ అద్దెకిస్తుంది.

బోర్డు ఇళ్లు దొరకనివాళ్లలో కొందరు ఉద్యోగుల సహకార సంఘాల లేఅవుట్లలో స్థలం సంపాదించారు. అదీ అందనివాళ్లు శివార్లలో నోటరీ కాగితం మీదే అరవై గజాలో, వంద గజాలో కొనుక్కున్నారు. ఆ ఇల్లు వాళ్లదేనని వీధి అంతటికీ తెలుసు, బ్యాంకు మాత్రం ఒప్పుకోదు. ప్రభుత్వ భూమిలో వెలసిన ఇళ్లను క్రమబద్ధం చేయడానికి తెలంగాణ ప్రభుత్వం 2014లో 58, 59 నంబర్ల జీవోలు తెచ్చింది. అనుమతి లేని లేఅవుట్ల కోసం 2020లో ఎల్‌ఆర్‌ఎస్ అనే క్రమబద్ధీకరణ పథకాన్ని ప్రకటించింది. కాబట్టి సొంతిల్లు అనగానే అన్నీ ఒకే సొంతం కావు. కాగితం గట్టిగా ఉన్న ఇంటి మీద అప్పు పుడుతుంది. లేనివాళ్లకు పిల్ల పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో వడ్డీ వ్యాపారే దిక్కు.

1998లో మాదాపూర్‌లో ఐటీ కంపెనీల సైబర్ టవర్స్ మొదలయ్యాక కూకట్‌పల్లికి అద్దెవాళ్లు వెల్లువెత్తారు. 2017 నవంబరులో మియాపూర్ దాకా మెట్రో వచ్చాక స్టేషన్ల చుట్టూ గిరాకీ ఇంకా పెరిగింది. చదువుకుంటూ ఉద్యోగం వెతుక్కునేవాళ్లు హాస్టళ్లలో దిగుతారు. ఉద్యోగం రాగానే నలుగురు కలిసి సింగిల్ బెడ్‌రూమ్ చూసుకుంటారు. పెళ్లయ్యాక డబుల్ బెడ్‌రూమ్.

ఇల్లు వెతుక్కోవడం టులెట్ బోర్డుతో మొదలవుతుంది. బోర్డు కిందే ‘ఫ్యామిలీలకు మాత్రమే’ అని రాసి ఉంటుంది. ఫోన్ చేస్తే ముందు ఎంతమంది, ఎక్కడ ఉద్యోగం అంటారు. తర్వాత ‘మీరేమిట్లు?’ అన్న ప్రశ్న వస్తుంది. కులం, మతం చెప్పాక ‘ఇల్లు ఇప్పుడే ఇచ్చేశాం’ అనే జవాబు వినడం చాలామందికి అలవాటైపోయింది. బోర్డు మాత్రం మర్నాడూ గేటుకు వేలాడుతూనే ఉంటుంది. అద్దె ఎంత పెరిగినా తట్టుకుంటారు, ఈ అవమానాన్ని తట్టుకోవడం కష్టం. ఈ వివక్ష ఎంతమాత్రం సమర్థించదగినది కాదు.

మాట కుదిరితే సాధారణంగా రెండు నెలల అడ్వాన్సు, పదకొండు నెలల అగ్రిమెంటు. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది కనుక ఒక నెల తగ్గించి రాసుకుంటారు. పన్నెండో నెలకు మళ్లీ బేరం, మళ్లీ పెంపు.

లెక్క చూస్తే అద్దెకుండడమే లాభంగా తోస్తుంది. కోటి రూపాయల ఫ్లాటుకు నెలకు పాతిక వేలు వస్తే, ఏడాది అద్దె విలువలో మూడు శాతమే. గృహరుణం వడ్డీ అంతకు రెట్టింపు పైనే. అయినా జనం కొంటారు. ఓనరు ఖాళీ చేయమన్న ప్రతిసారీ పిల్లల బడి, గ్యాస్ కనెక్షను, ఆధార్‌లో చిరునామా అన్నీ కదలాలి. ఆ భయం లేకపోవడానికి ఇచ్చే ధర కింద చూస్తే కొనడం తెలివితక్కువతనమేమీ కాదు.

పాత ఓనర్లు స్థలాన్ని డెవలప్‌మెంటుకిచ్చి, తమ వాటాకు వచ్చిన ఫ్లాట్లను పిల్లల పేర రాస్తున్నారు. ఆ పిల్లల్లో చాలామంది అమెరికాలో ఉంటారు. నెలనెలా అద్దె ఖాతాలో పడుతుంది, కుళాయి కారినా గోడ చెమ్మగిల్లినా చూసేది వాచ్‌మనే. మరి ఆ వాచ్‌మన్ ఇల్లు ఏ లెక్కలోకి వస్తుంది? 2011 జనగణన ప్రకారం దేశంలో పట్టణ కుటుంబాల్లో 69.2 శాతం సొంతిళ్లలో, 27.5 శాతం అద్దె ఇళ్లలో ఉన్నాయి. ఈ రెంటిలోనూ పడని కుటుంబాలు మిగతా మూడు శాతం పైచిలుకులోకి వస్తాయి. సెల్లార్‌లో పార్కింగు పక్క గదిలో కాపురముండే వాచ్‌మన్ ఓనరూ కాడు, అద్దె కట్టేవాడూ కాడు. పని పోయిన రోజే అతని కుటుంబానికి ఆ గదీ పోతుంది.