తిరుగు పంటు

మీలోస్ ద్వీపానికి ఈశాన్యపు మూలన పొల్లోనియా అనే చిన్న రేవు ఉంది. గట్టు మీద నిలబడితే ఎదురుగానే ఇంకో ద్వీపం కనిపిస్తుంది, కిమోలోస్. రెండింటి మధ్యా ఇరుకైన చోట కిలోమీటరుకి అటూ ఇటూగా నీళ్ళు. రేవు నుంచి రేవుకి ఫెర్రీలో అరగంట. గ్రీసు వెళ్ళే మనవాళ్ళు మామూలుగా శాంతోరినీ, మికోనోస్ చూసి, ఫోటోలు పెట్టి వచ్చేస్తారు. పోయిన సెప్టెంబరులో మేం ఇటు రావడానికి కారణం ఒకటే. జనం తక్కువ, నాన్నతో తీరిగ్గా మాట్లాడొచ్చు.

మాట్లాడాల్సిన విషయం ఒకటుంది. అమ్మ పోయి రెండేళ్ళయింది. నాన్న నర్సాపురంలో ఒక్కడే ఉంటున్నాడు. అక్క హైదరాబాదులో, నేను ఐండ్‌హోవెన్‌లో. అక్క వాళ్ళ అపార్టుమెంటుకి రెండు వీధుల అవతల నాకో ఫ్లాటుంది. నర్సాపురం ఇల్లు అమ్మేసి నాన్న ఆ ఫ్లాటుకి మారిపోవాలన్నది మా ఇద్దరి ప్లాను. బేరం కూడా వచ్చింది. దసరా లోపు ఏ సంగతీ తేల్చమన్నారు. నా ఫోన్లో ఒక ఎక్సెల్ షీటు తయారుగా ఉంది. దగ్గర్లో ఆసుపత్రులు, వాకింగ్ పార్కు, నెల ఖర్చు, ఇల్లమ్మిన డబ్బు మీద వడ్డీ, అన్నీ వేశాను. నాన్న మూడు నెలల వీసా మీద మా ఇంటికి వచ్చినప్పటినుంచీ ఆ షీటు తెరవడానికి సందర్భం కోసం చూస్తున్నాను. నిజం చెప్పాలంటే ఈ ట్రిప్పే ఆ సందర్భం. లంచం అన్నా కాదనను.

నాన్న లెక్కల మాస్టారు. గోదావరి అవతల, సఖినేటిపల్లి వైపు ఒక హైస్కూల్లో పంతొమ్మిదేళ్ళు పనిచేశాడు. పొద్దున్నే నర్సాపురం రేవులో పంటు ఎక్కి వశిష్ఠ పాయ దాటడం, సాయంత్రం మళ్ళీ పంటు మీదే రావడం. పంటు చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను: రెండు పడవల్ని పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచి, ఇంజను తగిలిస్తే అది పంటు. బడిపిల్లలు, మోటారు సైకిళ్ళు, కార్లు, కొబ్బరికాయల బస్తాలు, అంతర్వేది తీర్థానికి పోయేవాళ్ళు, అందరూ దానిమీదే. వంతెన వస్తుందని నా చిన్నప్పటినుంచీ వింటున్నాను.

పొల్లోనియా గట్టు మీద నిలబడి ఉండగా ఫెర్రీ వచ్చింది. ముందు భాగం తలుపులా కిందికి వాలి సిమెంటు గట్టు మీద ఆనింది. రెండు కార్లు, ఒక కూరగాయల వ్యాను, స్కూటర్ల మీద ముసలాళ్ళు దిగారు.

"ఒరే, ఇది పంటురా!" అన్నాడు నాన్న.

ఏథెన్స్‌లో అక్రోపోలిస్ చూసినప్పుడు కూడా ఆయన గొంతులో ఆ ఉత్సాహం లేదు. ఇలా పైన కప్పు లేకుండా, ముందు తలుపు వాలే ఫెర్రీలని గ్రీకులు వాడుకలో 'పాంతోఫ్లా' అంటారు. అంటే ఇంట్లో తొడుక్కునే చెప్పు. చూడ్డానికి నిజంగానే ముందువైపు నోరు తెరిచిన చెప్పులాగే ఉంటుంది. ఆ మాట చెప్తే, "పంటు, పాంతోఫ్లా. ఒకే ఇంటిపేరు" అన్నాడు. ఆ రెండు మాటలకీ చుట్టరికం ఉంటుందని నేననుకోను. కానీ దిద్దబుద్ధి కాలేదు. ఆ ఫెర్రీ పేరు ఒసియా మెథోడియా. కిమోలోస్‌లోనే బతికి, 1908లో కన్నుమూసిన ఒక సన్యాసిని పేరది. ఆ ఊరివాళ్ళకి ఆవిడ పునీతురాలు.

ఎక్కగానే నాన్న అడిగిన మొదటి ప్రశ్న: "తిరిగి రావడానికి ఆఖరి బోటు ఎన్నింటికి?"

చెప్పాను. ఇంకో పది నిమిషాలకి మళ్ళీ అడిగాడు. గట్టు మీద బోర్డుకి తీసిన ఫోటో చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చదివి, తల ఊపి, "గాలొస్తే నడుపుతారా?" అన్నాడు.

నాకు విసుగొచ్చింది. ఐటీలో పదమూడేళ్ళుగా పనిచేస్తున్నవాణ్ణి. ప్లాన్ చేసేశాక దాని గురించి మళ్ళీ మళ్ళీ అడిగేవాళ్ళంటే నాకు ఓపిక ఉండదు.

ఆయన మాత్రం పనిలో ఉన్నాడు. కళాసీ మోకుని ఇనప గుంజ మీంచి ఎలా తప్పించాడో చూశాడు. బరువైన వ్యానుని మధ్యలోకి, కార్లని అటూ ఇటూ పెట్టించడం చూసి సరే అన్నట్టు తలాడించాడు. తర్వాత వెనక్కి తిరిగి, దూరమవుతున్న గట్టు రాళ్ళని చాలాసేపు చూశాడు.

"ఇక్కడ పాటూ పోటూ లేదేంట్రా?"

ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. చూస్తే నిజమే, రాళ్ళ మీద నీటి చార సన్నటి పట్టీలా ఉంది, అంతే. మధ్యధరా సముద్రం దాదాపు అన్ని వైపులా మూసుకుపోయిన నీళ్ళు. ఏజియన్‌లో ఆటుపోట్ల తేడా చాలాచోట్ల జానెడుకి అటూ ఇటూ. నర్సాపురం రేవుకి సముద్రం దగ్గర. పాటులో నీళ్ళు తగ్గితే పంటు ఇసకలో కూరుకునేది, పోటు ఎక్కేదాకా జనమంతా మధ్యలో నిలబడాల్సిందే. "అదృష్టవంతులు, నీళ్ళ బాధ లేదు. గాలి ఒక్కటే" అన్నాడు. వేసవిలో ఉత్తరాన్నించి వీచే ఆ గాలి పేరు మెల్తేమి అని చెప్పాను. పేరు బాగుందన్నాడు.

మా కుడివైపు పొలీఎగోస్ కనిపిస్తోంది. మనుషులు కాపురం ఉండని దీవి. పేరుకి అర్థం 'మేకలు మెండుగా ఉన్నది' అని. క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఆ దీవి కోసం, పక్కనున్న ఇంకో రెండు దిబ్బల కోసం మీలోస్, కిమోలోస్ తగువుపడితే, ఆర్గోస్ నగరం మధ్యవర్తిగా కూర్చుని కిమోలోస్‌కి ఇచ్చింది. ఆ తీర్పు రాతి మీద చెక్కి ఉంది.

"గొడవ మేకల మేత కోసమే అయ్యుంటుంది. మన లంక భూముల్లాగా" అన్నాడు నాన్న.

ఊపొచ్చి మీలోస్ కథ కూడా ఎత్తుకున్నాను. థుసిడిడీస్ చరిత్రలో నేను ఎక్కువసార్లు చదివిన భాగం అది. క్రీ.పూ. 416లో ఏథెన్స్ నావికాదళం ఈ ద్వీపానికి వచ్చి లొంగిపొమ్మంది. దాడికి ముందు ఇరుపక్షాలూ కూర్చుని మాట్లాడుకున్నాయి. ఏథెన్స్ వాళ్ళు న్యాయాన్యాయాల సంగతి వదిలేసి, లాభనష్టాలే మాట్లాడుకుందాం అన్నారు. మీకూ మంచిదే, మాకూ మంచిదే అన్నారు. మీలోస్ వాళ్ళు ఏడు వందల ఏళ్ళుగా ఉంటున్న ఊరు ఇది, ఇవ్వం అన్నారు. చివరికి ముట్టడిలో ఓడిపోయారు. మగవాళ్ళని చంపేశారు. ఆడవాళ్ళనీ పిల్లల్నీ బానిసలుగా అమ్మేశారు.

నాన్న కాసేపు నీళ్ళకేసి చూశాడు.

"ఏడొందల ఏళ్ళే? మనదింకా ముప్పై ఒక్కటేలే."

నర్సాపురం ఇల్లు కట్టి ముప్పై ఒక్క ఏళ్ళు. నాకు చెవులు వేడెక్కాయి. బేరం సంగతి ఆయనకి ఎవరు చెప్పారో తెలీదు. చిన్న ఊరు, ఎవరైనా చెప్పుంటారు. లాభనష్టాలే మాట్లాడుకుందాం అన్నవాళ్ళ వాక్యాలని ఎన్నోసార్లు చదివి, వాళ్ళ తర్కంలోని క్రూరత్వం గురించి ఒక వ్యాసం కూడా మొదలుపెట్టినవాణ్ణి. జేబులో ఎక్సెల్ షీటు పెట్టుకుని అదే మాట అనడానికే వచ్చానని ఆ క్షణందాకా తట్టలేదు.

"తర్వాత? ఎవరూ తిరిగి రాలేదా?" అన్నాడు.

"వచ్చారు నాన్నా. పదకొండేళ్ళు గడిచాక ఏథెన్స్ ఓడిపోయింది. లైసాండర్ అనే స్పార్టా సేనాని మిగిలినవాళ్ళని వెతికి మళ్ళీ ఇక్కడికే పంపాడు."

"అదీ" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

ప్సాథీ రేవులో దిగి కొండమీది ఊరికి నడిచాం. ఊరి పేరు హోర్యో, అంటే ఊరే. కిమోలోస్‌లో నాన్నకి చూపించాలనుకున్నది ఒకటుంది, నిజానికి అది ఒక మాట. గ్రీకులో బడిలో రాసే సుద్దముక్కని 'కిమోలియా' అంటారు, ఈ ద్వీపం పేరు మీదే. ఇక్కడి తెల్లమట్టి ప్రాచీన కాలంలో ఎంత పేరున్నదంటే, అరిస్టోఫనీస్ క్రీ.పూ. 405లో ఆడిన 'కప్పలు' నాటకంలో ఒక స్నానశాలవాణ్ణి వెక్కిరిస్తూ ఆ మట్టి ప్రస్తావన తెస్తాడు. బట్టలు ఉతకడానికీ, ఒళ్ళు తోముకోడానికీ వాడేవారు. జీవితమంతా సుద్దముక్క పట్టుకున్న మనిషిని సుద్దముక్కకి పేరిచ్చిన ఊరికి తీసుకొచ్చానని నాకో గర్వం.

నాన్న బాట పక్కన తెల్లగా పెళ్ళలు రాలుతున్న చోట ఒక ముక్క తీసి గోటితో గీకాడు. "ఇది సుద్ద కాదురా, బంకమట్టి. మన రేవుల్లో బట్టలకి చౌడు వాడేవాళ్ళు చూడు, ఆ వాటం." సరిగ్గానే చెప్పాడు. ఇవి అగ్నిపర్వతాల దీవులు, బూడిదరాళ్ళు మారి మెత్తబడ్డ మట్టి ఇది. "మన బళ్ళో వాడిందీ సుద్ద కాదు, జిప్సమ్. పేరు ఒకదానిది, పని ఇంకోదానిది" అని ఆ ముక్కని తీసిన చోటే పెట్టేశాడు.

ఊరి మధ్యలో పాత కోట ఉంది. కోట అంటే విడిగా గోడ ఉండదు. ఇళ్ళనే ఒకదానికొకటి ఆనించి కడితే, వాటి వెనక గోడలే కోటగోడ అయ్యాయి. సముద్రపు దొంగల భయం. చాలా ఇళ్ళు కూలిపోయి ఉన్నాయి. లోపల 1592 నాటి చిన్న చర్చి ఉంది. కూలిన ఇళ్ళ మధ్య ఒక ఇంటికి మాత్రం నీలం రంగు తలుపు, గుమ్మంలో తులసిలాంటి మొక్క ఉన్న డబ్బా. నాన్న అక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడ్డాడు. బేకరీలో లాదేన్యా కొనుక్కున్నాం. రొట్టె పిండి మీద టమాటా, ఉల్లిపాయ, బోలెడంత ఆలివ్ నూనె పోసి కాలుస్తారు. "ఊతప్పాన్ని పొయ్యిలో పెట్టారు" అంటూనే రెండు ముక్కలు తిన్నాడు. షీటు తియ్యడానికి అది మంచి సమయం. తియ్యలేదు.

ఆఖరి బోటుకి గంట ముందే రేవుకి దించేశాడు నన్ను. గాలి లేచింది. పొద్దున నున్నగా ఉన్న నీళ్ళ మీద తెల్లటి నురగ. బోటు టైముకి రాలేదు. పది నిమిషాలు, పావుగంట. నాన్న కూర్చోడం లేదు.

"రాకపోతే ఇక్కడే గది తీసుకుందాం నాన్నా. ఏముంది?"

"గది దొరుకుద్దిరా. అది కాదు."

కాసేపాగి చెప్పాడు. 1996 నవంబరు 6. కోనసీమ తుఫాను. ఆ మధ్యాహ్నం పంటు ఆపేశారు. నాన్న అవతలి గట్టున చిక్కుకుపోయాడు. రాత్రంతా బళ్ళో, ఊరి జనంతో పాటు. ఇవతల ఇంట్లో అమ్మ, అక్క, ఎనిమిదేళ్ళ నేను. నాకు గుర్తున్నది పెంకులు ఎగిరిన చప్పుడు, అమ్మ మా ఇద్దర్నీ మంచం కింద పడుకోబెట్టడం. అవతల గట్టున నాన్నకి ఏమీ తెలీదు, ఇవతల మాకూ ఏమీ తెలీదు.

"మర్నాడు ఇంటికొస్తే మీ అమ్మ ఒక్క మాట అనలేదు. అన్నం పెట్టింది. ఆ తర్వాత్నించి రోజూ పొద్దున గుమ్మంలో నిలబడి అడిగేది, ఏ పంటుకి వస్తారని. ఐదింటిదా, ఆరింటిదా. చెప్పేవాణ్ణి. నేను రిటైరయ్యాక కూడా, కూరలకి వెళ్తుంటే అడిగేది."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ చెప్పే వెళ్తాను. తాళం వేసేటప్పుడు."

ఎవరికి చెప్తావని అడగబోయాను. ఈలోగా మలుపు దగ్గర బోటు కనిపించింది. "వచ్చేశాడు" అన్నాడు, సరంగు ఎవరో తనకి చిన్నప్పటినుంచీ తెలిసినట్టు.

ఎగిరే నీటి తుంపరలకి అందరూ లోపలికి పోయినా ఆయన పైనే నిలబడ్డాడు. నేను పక్కన. ఐండ్‌హోవెన్ వెళ్ళినరోజు హైదరాబాదు ఎయిర్‌పోర్టులో అమ్మ నన్ను కూడా ఎప్పుడొస్తావని అడిగింది. రెండేళ్ళ ప్రాజెక్టు అమ్మా అన్నాను. పదకొండేళ్ళయింది. నేను ఎక్కినవన్నీ అటువైపు వెళ్ళేవే. సాయంత్రానికి ఇల్లు చేర్చే ప్రయాణాన్నే ప్రయాణమనుకునే మనిషికి, అలాంటి ఇంకో టికెట్టు కొనిద్దామని బయల్దేరాను.

దసరా వెళ్ళిపోయింది. బేరం వదిలేశాం. అక్కకి కోపం. "బాత్రూంలో జారిపడితే ఎవడ్రా చూసేది? నీ గ్రీకు పుస్తకమా?" అంది. ఆ ప్రశ్న న్యాయమైనది, నా దగ్గర జవాబు లేదు. నాన్నకి డెబ్బై దాటాయి. ఎప్పుడో ఒకప్పుడు ఆ షీటు మళ్ళీ తెరవాల్సి వస్తుందని మా ముగ్గురికీ తెలుసు.

ప్రస్తుతానికి ఒక ఒప్పందం చేసుకున్నాం. బయటికి వెళ్ళేటప్పుడు నాకు వాట్సాప్‌లో పెట్టాలి, ఎన్నింటికి వస్తాడో. పెడుతున్నాడు. "మార్కెట్. పదకొండు." "సఖినేటిపల్లి, పాత స్టూడెంట్ ఇంట్లో పెళ్ళి. ఆరింటి పంటు." వచ్చాక "వచ్చా" అని ఇంకో మెసేజ్ పెట్టాలి. అది మాత్రం సగం రోజులు మర్చిపోతాడు. అక్కడ ఏడైతే ఇక్కడ ఇంకా మధ్యాహ్నం. మీటింగులో కూర్చుని, బల్ల కింద ఫోను తిప్పి తిప్పి చూసుకుంటూ ఉంటాను.