కెమెరాకి చిక్కని ఎడారి

సినిమాల్లో ఎడారి అనగానే మన కళ్ళకి కట్టేది ఒక్కటే... కనుచూపు మేర నున్నటి ఇసుక తిన్నెలు, వాటి అంచున బారులు తీరిన ఒంటెలు, మధ్యలో గాలికి రెపరెపలాడే హీరోయిన్ చీరకొంగు! 1971లో సునీల్‌దత్ తీసిన 'రేష్మా ఔర్ షేరా' నుంచి 2010లో మన మహేష్‌బాబు 'ఖలేజా' దాకా కెమెరా మనకి చూపించిన రాజస్థాన్ ఎడారి ఇదే. అదేదో కళ్ళారా చూసొద్దామని 2023 డిసెంబర్లో నేనూ, మావాడూ బయల్దేరాం. సినిమా పిచ్చి వాడిది, మోటారుసైకిలు పిచ్చి నాది. బుల్లెట్‌ని రైల్లో పార్సెల్ వేసి జోధ్‌పూర్‌లో దింపుకున్నాం.

బండెక్కేముందు దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి కదా! జోధ్‌పూర్ నుంచి పాలీ వెళ్ళే రోడ్డు పక్కన ఒక గుడి ఉంది. అందులో పూజలందుకునేది, నమ్మండి, అచ్చంగా ఓ బుల్లెట్ మోటారుసైకిలే! ఓమ్ బన్నా అనే యువకుడు అక్కడ ప్రమాదంలో పోయాడట. పోలీసులు బండిని స్టేషన్‌కి తీసుకుపోతే తెల్లారేసరికి అది మళ్ళీ ప్రమాదం జరిగిన చోటే నిలబడి ఉందట! స్థలపురాణం అది. ఇప్పుడా బండి అద్దాల గదిలో పూలదండలతో వెలిగిపోతోంది. అగరొత్తులు వెలిగించేవాళ్ళు వెలిగిస్తున్నారు, మందు సీసా నైవేద్యం పెట్టేవాళ్ళు పెడుతున్నారు. "మన రచయితలకి చెబితే కథలో పెట్టడానికి భయపడతారురా. జనం నమ్మరంటారు" అన్నాడు మావాడు.

జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ సుమారు 280 కిలోమీటర్లు. గంటన్నర నడిపేసరికి వెనకనుంచి మావాడు నా భుజం తట్టాడు. "ఒరేయ్, ఏదిరా ఎడారి?"

నిజమే. అటూ ఇటూ రాళ్ళ నేల, ముళ్ళ పొదలు, గడ్డి దుబ్బులు, అక్కడక్కడా మేకల మందలు. వాటి మధ్య దూరం దూరంగా ఒకే రకం చెట్టు. ఇక్కడివాళ్ళు దాన్ని ఖేజ్‌డీ అంటారు. దగ్గరికెళ్ళి చూస్తే... అది మన జమ్మిచెట్టు! పాండవులు ఆయుధాలు దాచుకున్నారని దసరాకి మనం పూజ చేసే జమ్మే. తెలంగాణకీ, రాజస్థాన్‌కీ కూడా అదే రాష్ట్ర వృక్షం. మనం ఏడాదికోసారి ఆకు తుంచుకుని ఇంటికొస్తాం. వీళ్ళకి అది రోజూ అన్నం పెట్టే తల్లి. ఆకు మేకలకి, నీడ మనుషులకి, కాయ కూరకి! దాబాలో సజ్జరొట్టెతో 'కేర్ సాంగ్రీ' వడ్డించారు. సాంగ్రీ అంటే ఎండబెట్టిన జమ్మికాయలే. మావాడు రెండుసార్లు మారు వడ్డించుకున్నాడు. జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ గ్రామంలో 1730లో ఈ చెట్లని రాజుగారి మనుషులు నరకబోతే, బిష్ణోయీలు వాటిని కావలించుకుని నిలబడ్డారు. 363 మంది ప్రాణాలిచ్చారని చెబుతారు.

జైసల్మేర్ చేరేసరికి సాయంత్రమైంది. 1156లో కట్టిన కోట. పసుపురంగు రాయి మీద పొద్దుగుంకే ఎండ పడితే బంగారం కరిగించి పోసినట్టే ఉంది. సత్యజిత్ రే 1974లో 'సోనార్ కెల్లా' అని పేరు పెట్టి ఇక్కడే సినిమా తీశారు. ఆ పేరుకి అర్థం బంగారు కోట అనే. లోపల ఇప్పటికీ సంసారాలున్నాయి, బళ్ళున్నాయి, గుళ్ళున్నాయి. విచిత్రమేమిటంటే, ఎనిమిది వందల యేళ్ళు దాహానికి తట్టుకున్న ఈ కోటకి నీళ్ళే ముప్పు తెచ్చాయి! కుళాయిలొచ్చాక వాడిన నీరు కిందికి ఇంకి, కొండ మెత్తబడి, గోడలు బీటలిచ్చాయి. ఇక్కడ ఏడాదికి పడే వాన సుమారు 200 మిల్లీమీటర్లు. అంత తక్కువ నీటికి లెక్కగట్టి కట్టిన కోట అది.

సినిమా ఎడారి కావాలన్న మావాడి ముచ్చట 40 కిలోమీటర్ల అవతల, సమ్ దగ్గర తీరింది. నున్నటి తిన్నెలు, ఒంటెలు, ఫోటోలు దిగే కొత్త జంటలు... అన్నీ ఉన్నాయి. కానీ వాటికి నాలుగడుగుల ఇవతలే మళ్ళీ అవే పొదలు, అదే గడ్డి! కెమెరాని కాస్త పక్కకి తిప్పితే చాలు, సెట్టింగు అయిపోతుంది.

అసలు ఎడారి మాకు మర్నాడు కనిపించింది. రామ్‌గఢ్ దాటి లోంగేవాలా రోడ్డు ఎక్కాక వెనక చక్రం పంక్చరైంది. కొత్త ట్యూబు ఉంది, పానాలున్నాయి, చేతిపంపూ ఉంది. ట్యూబు మార్చి గాలి కొట్టబోతే పంపు గొట్టం చిట్లిపోయింది! ఫోనుకి సిగ్నల్ లేదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండుదాకా ఆ రోడ్డు మీద ఒక్క బండి రాలేదు. చలికాలమే అయినా నెత్తిన ఎండ చురుక్కుమంటోంది. సీసాలో నీళ్ళు నాలుగు గుక్కలకి దిగాయి. మావాడు తాగమని నాకిస్తాడు, నేను వాడికిస్తాను. ఎవరమూ మూత తియ్యం. ఇరవై యేళ్ళ స్నేహంలో ఇద్దరమూ అంతసేపు మాట్లాడకుండా ఎప్పుడూ కూర్చోలేదు.

అంతలో గొర్రెల్ని తోలుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు. ఎర్ర తలపాగా, భుజాన నీళ్ళ డబ్బా. ఎవరు మీరు, ఏ ఊరు అని అడగలేదు. డబ్బా వంచి మా సీసా నింపాడు. నిండిందాకా ఆగాడు. తన డబ్బాలో సగం ఖాళీ! అప్పుడు అడిగాడు, "మీ దేశంలో ఈయేడు వానలు పడ్డాయా?" పడ్డాయన్నాం. సంతోషించాడు. డబ్బులు తియ్యబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆయన మాతోపాటే కూర్చున్నాడు. మూడు దాటాక ఓ నీళ్ళ ట్యాంకరు లారీ వస్తే రోడ్డుకి అడ్డంగా నిలబడి ఆపిందీ ఆయనే. డ్రైవరు లారీ బ్రేకులకుండే గాలిట్యాంకు నుంచి గొట్టం లాగి, మా చక్రానికి రెండు నిమిషాల్లో గాలి నింపాడు. పంజాబులోని హరికే దగ్గర మొదలై సుమారు 650 కిలోమీటర్లు ప్రయాణించి ఇందిరాగాంధీ కాలువ ఈ జిల్లాకి నీళ్ళు తెచ్చింది. కాలువ అందని చోటికి ఇలా ట్యాంకరే గతి.

లోంగేవాలాలో యుద్ధ స్మారకం చూశాం. 1971 డిసెంబరు 4 రాత్రి మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురీ సుమారు 120 మందితో శత్రు టాంకుల్ని ఆపిన చోటు ఇదే. తెల్లవారాక జైసల్మేర్ నుంచి మన హంటర్ విమానాలు వచ్చిపడ్డాయి. జె.పి.దత్తా 'బోర్డర్' (1997) కథ అదే. ఆ సినిమా పదిసార్లు చూసిన మావాడు అక్కడ డైలాగులు చెబుతాడనుకున్నాను. నోరెత్తలేదు. ఇసుకలో కూరుకుపోయిన టాంకు పక్కన నిలబడి, "రాత్రంతా వీళ్ళకి తాగడానికి నీళ్ళున్నాయంటావా?" అన్నాడు.

చీకటిపడే వేళకి తనోట్ చేరాం. సరిహద్దు భద్రతా దళం వాళ్ళే నడిపే గుడి. 1965 యుద్ధంలో పడి పేలని గుళ్ళని అమ్మవారి దగ్గర దాచారు. ఓ జవాను హారతి పళ్ళెం చాచి తీర్థం పోశాడు. మావాడు ఒక్క చుక్క కింద పడనివ్వలేదు.

ఈ దారి పట్టాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. నవంబరు, ఫిబ్రవరి మధ్యన వెళ్ళండి. రామ్‌గఢ్‌లో పెట్రోలు నింపుకోండి. మంచి పంపు పెట్టుకోండి. నీళ్ళు మాత్రం మీకు కావలసినదానికన్నా రెండు లీటర్లు ఎక్కువ కట్టుకోండి. ఆ ఎక్కువ మీకోసం కాదు, దారిలో ఎదురయ్యేవాళ్ళకోసం!