పంటినొప్పియు రక్తహీనతయు

ఇంటిలో పురుషునకు పన్ను నొప్పి పెట్టినచో అది రోగము. ఆ సాయంకాలమే డాక్టరు వద్దకు పయనము. గృహిణికి వచ్చినచో అది యొక లవంగముతోను రెండు మాత్రలతోను సరిపెట్టుకొనదగిన చిన్న యిబ్బంది. సోదరీమణులకు ఇది క్రొత్త సంగతి కాదు. అయితే ఆ సరిపెట్టుకొనుటలో పన్నొక్కటియే చెడుట లేదనియు, ఒంటిలోని రక్తము కూడ దానితోపాటు తరుగుచున్నదనియు మా ఆడపడుచు విషయమున మాకు తెలియవచ్చినది. అందులకే ఈ నాలుగు మాటలు వ్రాయ బూనితిమి.

ఆమెది కైకలూరు దాపున కొల్లేటి యొడ్డు గ్రామము. చేపల చెఱువులును బాతుల మందలును గలవు గాని పన్ను చూచు డాక్టరు ఆ యూర లేడు. క్రింది దవడలోని పెద్ద పన్ను పుచ్చినది. రాత్రులు నిద్ర లేదు. చన్నీరు తగిలిన ప్రాణము జిల్లుమనును. అయినను చెఱువు పట్టుబడి కానిమ్మని కొన్నాళ్లు, పిల్లవాని పరీక్షలు కానిమ్మని కొన్నాళ్లు, ఇట్లు ఎనిమిది మాసములు గడపినది. ఆ యెనిమిది మాసములును ఆమె భుజించినదేమి? మెత్తగా నుడికిన అన్నము, మజ్జిగ, టీలో ముంచిన రొట్టె. తోటకూర పీచు పంటిలో ఇరుకునని మానినది. మునగాకు, సెనగలు, వేరుసెనగలు నమలలేక మానినది. నొప్పి హెచ్చినపుడు మందుల దుకాణములో అడిగి తెప్పించుకొన్న మాత్ర. అదియు తరచు పరగడుపుననే.

ఏలూరిలో మా యింటికి వచ్చునప్పటికి రెండు మెట్లెక్కి కూర్చుండిపోయినది. పంటి డాక్టరు వద్దకు తీసికొని వెళ్లితిమి. ఆ డాక్టరు స్త్రీయే. నోరు తెఱవుమని, పన్ను కంటె ముందు నాలుకను, కనురెప్పల లోపలి భాగమును చూచిరి. నాలుక నునుపై పాలిపోయియున్నది. పెదవుల మూలలు చిట్లియున్నవి. రక్తపరీక్ష చేయింపగా హెమోగ్లోబిన్ 7.4 అని తేలినది. గర్భవతి కాని స్త్రీకి అది 12 గ్రాములకు తగ్గరాదు, గర్భిణికి 11. ఎనిమిదికి దిగువనున్నచో తీవ్రమైన రక్తహీనత యని లెక్క.

"అమ్మా, విరేచనము నల్లగా నగుచున్నదా?" అని డాక్టరు అడిగిరి. పంటి కొఱకు వచ్చినవారిని ఇదేమి ప్రశ్న యని మా ఆడపడుచు సిగ్గుపడి మా వంక చూచినది. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, ఆస్పిరిన్ వంటి నొప్పిమాత్రలు నెలల తరబడి మ్రింగినచో కడుపులోని పొర ఒరసిపోయి, చుక్క చుక్కగా రక్తము కారవచ్చునట. అది విరేచనములో నల్లగా కనబడును. నెలనెలా పోవు రక్తమునకు తోడు ఇదియొకటి. పంటి నొప్పికి వేసికొన్న మందే రక్తమును తోడివేయుచున్నదన్న మాట!

ఇంకొక చిత్రము వినుడు. ఆమెకు చిన్ననాటినుండి పచ్చి బియ్యము నములు అలవాటు. బియ్యము తిన్న పిల్ల పెండ్లిలో వాన కురియునని మన పెద్దలు బెదరింతురు గదా! ఒంటిలో ఇనుము తక్కువైనవారికి బియ్యము, మట్టి, సుద్ద, మంచుగడ్డ తినవలెనను కోరిక పుట్టునని వైద్యులు చెప్పుచున్నారు. వాన మాట చెప్పినవారందఱును ఆ పిల్ల రక్తము మాట చెప్పినవారు కారు. ఆ గట్టి గింజలే పంటిని అరగదీయును; పుచ్చిన పంటిని పగులగొట్టును. ఇట్లు రక్తలేమి పంటికిని, పంటినొప్పి రక్తమునకును చేటు తెచ్చుచున్నవి.

మా తండ్రిగారు మాకు ఇంటనే కావ్యములు చెప్పిరి. నాయికల పలువరుసను మల్లెమొగ్గలతోను దానిమ్మగింజలతోను పోల్చని కవి లేడు. ఆ నాయికకు పన్ను పుచ్చినదని వ్రాసిన కవియును లేడు. వైద్యులే నయము. సుశ్రుతుడు క్రిమిదంతకమను పేర పుచ్చుపంటిని వర్ణించెను. చరకుడు పాండురోగమునకు మండూరమును, అనగా ఇనుప చిట్టెమును మందుగా చెప్పెను. పంటిలో పురుగున్నదను తలంపు మాత్రము సరికాదని 1728లో ఫ్రాన్సు దేశపు పంటివైద్యుడు పియరు ఫోషారు తన గ్రంథమున వ్రాసెను. అయినను పొగబెట్టి పంటిపురుగు తీసెదమనువారు నేటికిని ఉన్నారు, నమ్మువారును ఉన్నారు.

రక్తదోషము నాలుక మీద కనబడుటకు మా పుట్టినింటి వైపు కథ యొకటి గలదు. మాది తాడేపల్లిగూడెము, దానికి దగ్గఱిదే భీమవరము. అచట 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు తమ సోదరులను స్ప్రూ అను వ్యాధికి కోల్పోయిరి. తామును దానిచే బాధపడిరి. ఆ వ్యాధిలో తిన్నది ఒంటికి పట్టదు, నాలుక పుండగును, రక్తము క్షీణించును. తరువాత వారు అమెరికాకు బోయి లెడర్లీ పరిశోధనశాలకు పెద్దయైరి. వారి బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. అంతకు ముందే, లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణులైన మిల్లు కూలీల రక్తహీనత ఈస్టు సారముతో కుదురుటను గమనించి, 1931లో ప్రకటించెను. నేడు ప్రభుత్వము స్త్రీలకిచ్చు ఎఱ్ఱ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతోపాటు ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. ఆ మహనీయుడు పుట్టిన రాష్ట్రమున 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తము తక్కువయని తేలుట మాకు కష్టముగా నున్నది.

మరల మా ఆడపడుచు మాటకు వత్తము. "పీకించివేసిన తీఱిపోవును గదా" యని బంధువులు కొందఱనిరి. డాక్టరు ఒప్పుకొనలేదు. పన్ను పీకిన రక్తము కారును, పుండు మానవలెను. రక్తము లేని ఒంట అది ఆలస్యము. నరము తీయుటలో పోవు రక్తము స్వల్పము. పైగా ఆ పన్ను నిలిచిన గాని ఆమె మరల ఆకుకూర నమలదు. ఆ దినమున పంటిని తెఱచి, లోపలి చెడిన నరమును తీసి బాధ తగ్గించిరి. మాత్రలు మాన్పించి రక్తము సంగతి చూచు డాక్టరు వద్దకు పంపిరి. వారు కడుపునకు మందిచ్చి, సిరలోనికి ఇనుము ఎక్కించిరి. కొన్ని వారములకు మిగిలిన పని జరిగినది. పంటి వేళ్లలోని సన్నని కాలువలను శుభ్రపఱచి, మలయా వైపు చెట్ల పాలతో చేయు గట్టాపర్చా యను పదార్థముతో నింపి, పైన తొడుగు వేసిరి.

మొదటి దినమున జరిగినది చెప్పవలెను. మత్తుసూది యిచ్చిరి. పరికరము తగిలినంతనే మా ఆడపడుచు కుర్చీ చేతులను బిగబట్టినది. నోట మాట లేదు, కంట నీరు మాత్రము కారినది. డాక్టరు పని యాపి, "నొప్పిగా నున్నదా?" యని యడిగిరి. లేదని తల యూపినది. తరువాత మాతో, "వదినా, మూడు కాన్పుల కోర్చినదానను, ఇదియెంత?" అన్నది. ఆమె ఓర్పును మెచ్చుకొనుటకు మాకు నోరు రాలేదు. బాగుగ వాచిన నరమునకు మొదటి సూది చాలకపోవుట కలదట. క్రింది దవడ పెద్ద పండ్లకు మఱియు నెక్కువ. పంటి ప్రక్కనే ఇంకొక సూది వేయవచ్చును. కాని నొప్పి యున్నదని రోగి చెప్పినగదా డాక్టరునకు తెలియుట! "ఎడమ చేయి యెత్తుడు, నేనాగుదును" అని డాక్టరు గట్టిగా చెప్పిన పిమ్మట ఆమె చేయి యెత్తినది. రెండవ సూది పడినది. బాధ లేకుండ పని ముగిసినది. పని యైన రెండు మూడు దినములు నమలునపుడు కొంత సలుపు సహజము. జ్వరమో వాపో వచ్చిన మాత్రము ఆగక వెళ్లవలెను. శుక్రవారమని ఉపవాసముతో ఆ కుర్చీలో కూర్చుండుటయు తగదు. నీరసించిన ఒంటికి కండ్లు తిరుగును.

ఇనుప మాత్రల విషయమున తెలియదగినవి కొన్ని కలవు. టీ, పాలు, కాల్షియము మాత్రలు, కడుపుమంట మందులు వానితో కలిసిన ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మరసమో జామపండో తోడైన బాగుగ పట్టును. పంటివాపునకు డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటివి వ్రాసినచో ఇనుప మాత్రను వానికి కొన్ని గంటలు దూరముగ నుంచవలెను. లేనిచో ఆ మందు పనిచేయదు. ఇనుప మాత్ర వలనను విరేచనము నల్లబడును గనుక, మాత్ర మొదలిడకముందే నల్లబడెనా యని డాక్టరునకు చెప్పుట మేలు. పిల్లలకిచ్చు ఇనుప పానకము పండ్లకు మరక వేయును, త్రాగినవెంటనే పుక్కిలింపవలెను.

మూడు మాసములకు మా ఆడపడుచునకు హెమోగ్లోబిన్ 11.2కు వచ్చినది. ఇంకను మాత్రలు వేసికొనుచునే యున్నది. బియ్యము డబ్బా వైపు చేయి పోవుట లేదని తానే నవ్వుచు చెప్పినది. టీ మాత్రము మానలేదు. భోజనమైన రెండు గంటలకు మార్చుకొన్నది.