దుపట్టా కింద నోరు

జియా ఉల్ హక్ జమానాలో పాకిస్తాన్ టీవీలో కనపడే ఆడమనిషి తలమీద దుపట్టా కప్పుకోవాలని హుకుం. కప్పుకోనని మెహతాబ్ రాష్దీ తెరనే వదులుకుంది. చిత్రమేమంటే, హసీనా మోయిన్ ఆడపిల్లలు పుట్టింది ఆ రోజుల్లోనే. 1987 నాటి 'ధూప్ కినారే'లో తెల్లకోటేసుకుని కరాచీ ఆసుపత్రిని అల్లరితో నింపే డాక్టర్ జోయా! గల్ఫ్ నుంచొచ్చిన క్యాసెట్టు అరిగేదాకా చూసింది మా అమ్మీ, పొయ్యిమీద రొట్టె మాడుతున్నా లేచేది కాదు. 'తన్హాయియాఁ' జారా అయితే పోయిన ఇల్లు తిరిగి కొనడానికి సంపాదనలో పడుతుంది.

తర్వాత ప్రైవేటు ఛానళ్లొచ్చాయి. దుపట్టా జారింది, ఏడుపు మిగిలింది. 2011 'హమ్‌సఫర్'లో అత్త కుట్ర నమ్మిన మొగుడు తలుపేసుకుంటే రాత్రిపూట గుమ్మం ముందు ఖిరద్. చెంపదెబ్బలు మామూలైపోయాయి. పసిపిల్లలమీద ఇంట్లోనే జరిగే అత్యాచారాన్ని 2016లో 'ఉడారీ' చూపిస్తే మాత్రం సర్కారు నోటీసొచ్చింది.

ఇక్కడ 2014లో జిందగీ ఛానల్ ఇవే వేసింది, 2016లో ఆపేసింది. ఆ రోజుల్లో ఆఫీసులో ఒకాయన "మీవాళ్లు భలే తీస్తారండీ" అన్నాడు. మెచ్చుకుంటూనే నన్ను వాఘా అవతల దించేశాడు. 'మావాళ్లు' ఏంది సాబ్? సరే, ఇస్తానంటే జోయాని ఇవ్వండి, తీసుకుంటాను. గుమ్మం ముందు ఏడ్చే పిల్లలు మీ సీరియళ్లలోనూ, మా మొహల్లాలోనూ చాలామందే ఉన్నారు.