ఆముదంతో ఎగిరే ఇంజన్లు

రేడియో కంట్రోల్‌తో ఎగిరే చిన్న విమానాల్లో ఎక్కువగా కనిపించే ఇంజన్ ఒకటుంది. ఈ సరదా ఉన్నవాళ్లు దాన్ని ‘నలభయ్యారు’ అంటారు. 0.46 ఘనపుటంగుళాలు, మన లెక్కలో దాదాపు 7.5 సీసీ. అరచేతిలో పట్టేస్తుంది. మఫ్లర్‌తో కలిపి అరకిలోకు అటూ ఇటూ తూగుతుంది. 11 అంగుళాల ప్రాపెల్లర్ తగిలించి వదిలితే నిమిషానికి పదకొండు, పన్నెండు వేల చుట్లు తిరుగుతుంది. ఇంత పని చేసే ఇంజన్‌కి ఆయిల్ సంపు లేదు, పంపు లేదు, రేడియేటర్ లేదు. పిస్టన్‌కీ, కనెక్టింగ్ రాడ్‌కీ, బేరింగులకీ కావలసిన నూనె మొత్తం ఇంధనంలోనే కలిసి లోపలికొస్తుంది. తన పని తాను చేసుకుని పొగతో పాటు బయటికి పోతుంది. ఇంధనం తగ్గిందంటే నూనె తగ్గినట్టే. మోడల్ ఇంజన్ సంరక్షణ గురించి నాకు తెలిసినదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఆ ఇంధనం సంగతి. గ్లో ఇంజన్ అని పిలిచే ఈ రకం తాగేది పెట్రోలు కాదు, మిథనాల్. అందులో సుమారు 18 నుంచి 20 శాతం నూనె, మామూలు మోడళ్లకు 5 నుంచి 15 శాతం దాకా నైట్రోమీథేన్ కలుపుతారు. అంతర్జాతీయ పోటీల్లో కొన్ని విభాగాలకు నైట్రో అసలు ఉండకూడదు, 80 పాళ్లు మిథనాల్, 20 పాళ్లు ఆముదం, అంతే. ఒక కిలో పెట్రోలు మండటానికి 14.7 కిలోల గాలి కావాలి. మిథనాల్‌కి ఆరున్నర కిలోల లోపే చాలు. కాబట్టి అదే గాలికి రెండింతలకు పైగా ఇంధనం పోయాలి. పోసినదంతా ఆవిరవుతూ లోపలి వేడిని బాగా లాగేసుకుంటుంది. రేడియేటర్ లేకపోయినా ఈ ఇంజన్ తట్టుకుంటున్నదంటే ప్రాపెల్లర్ గాలితో పాటు ఈ చల్లదనం కూడా కారణం.

మిథనాల్‌తో ఇంకో సుగుణం ఉంది. ప్లాటినం తీగను తాకినప్పుడు దాని ఆవిరి రసాయన చర్య జరిపి వేడి పుట్టిస్తుంది. 1947లో రే ఆర్డెన్ అనే అమెరికన్ ఈ గుణాన్ని పట్టుకుని గ్లో ప్లగ్‌ని బజారులోకి తెచ్చాడు. అంతకుముందు మోడల్ విమానం స్పార్క్ కాయిల్, కండెన్సర్, బ్యాటరీ అన్నీ మోసుకుని ఎగరాల్సి వచ్చేది. గ్లో ప్లగ్ వచ్చాక ఒకటిన్నర వోల్టుల బ్యాటరీతో తీగను ఎర్రబడేదాకా వేడి చేసి, ఇంజన్ అందుకోగానే బ్యాటరీ తీసేయడమే. ఆ తర్వాత ప్రతి చుట్టుకీ తీగ తన వేడి తానే నిలుపుకుంటుంది. బ్యాటరీ క్లిప్పు తీసేటప్పుడు మాత్రం విమానం వెనక వైపు నిలబడాలి. తిరిగే ప్రాపెల్లర్ మీదుగా చెయ్యి చాపడం అనే అలవాటు మొదటిరోజే మానాలి.

మిథనాల్ విషం అన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లోపలికి పోతే చూపు పోతుంది, ప్రాణమూ పోవచ్చు. చర్మం గుండా కూడా ఒంట్లోకి ఇంకుతుంది. ఎండలో దాని మంట కంటికి ఆనదు. మంచినీళ్ల సీసాలో, కూల్‌డ్రింకు సీసాలో ఎన్నడూ పోయకూడదు. పిల్లలున్న ఇంట్లో అయితే ఈ ఒక్క నియమం ఇంజన్ కన్నా ముఖ్యం.

ఇక నూనె. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. మన పెద్దవాళ్లు కళ్లకి చలవని తలకు రాసి, కడుపు శుభ్రానికని పిల్లల చేత బలవంతాన తాగించిన ఆముదమే ఈ ఇంజన్లకు ప్రాణాధారం. మొదటి ప్రపంచయుద్ధం నాటి విమానాల్లో నోమ్, లె రోన్ అనే రోటరీ ఇంజన్లు ఉండేవి. వాటిలో సిలిండర్లన్నీ ప్రాపెల్లర్‌తో పాటే గిరగిరా తిరిగేవి. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం క్రాంక్‌కేస్ గుండానే సిలిండర్లలోకి పోయేది. మామూలు ఖనిజ నూనె వాడితే పెట్రోలు దాన్ని పలచన చేసి కడిగేస్తుంది. ఆముదం పెట్రోలులో సరిగా కరగదు. అందుకని ఆముదం పోశారు. వాడిన నూనె వాడినట్టే బయటికి చిమ్మేది, పైలట్ల మొహాలు జిడ్డోడేవి. ఆ పొగ పీల్చిన పైలట్లకు కడుపు పాడయ్యేదని కూడా చెబుతారు. మన టూ స్ట్రోక్ మోడల్ ఇంజన్‌లోనూ మిశ్రమం క్రాంక్‌కేస్ గుండానే పోతుంది, నూనె ఒకసారి వాడి వదిలేసేదే. తేడా అల్లా ఇక్కడ ఇంధనం ఆల్కహాల్. ఆల్కహాల్‌లో ఆముదం చక్కగా కలిసిపోతుంది, వేరుపడదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎర్రచెలకల్లో ఎన్నో తరాలుగా పండుతూ వచ్చిన పంట ఇది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థ దీని మీద ఏళ్లుగా పనిచేస్తోంది. ప్రపంచానికి ఆముదం అందించేది ప్రధానంగా మన దేశమే.

ఆముదం అసలు బలం వేడెక్కినప్పుడు తెలుస్తుంది. సింథటిక్ నూనెలు శుభ్రంగా ఉంటాయి, మసి కట్టవు. కానీ ఒక హద్దు దాటి వేడెక్కితే ఆవిరై కాలిపోతాయి. లోహం మీద లోహం రాసుకునే క్షణంలో అవి అక్కడ ఉండవు. ఆముదం మాత్రం బాగా వేడెక్కినప్పుడు అణువులు ఒకదానికొకటి అల్లుకుని, చిక్కబడి, లోహాన్ని పట్టుకుని ఉంటుంది. అట్లపెనం వాడగా వాడగా నల్లగా నూనె పట్టు పట్టినట్టు సిలిండర్ లోపల గోధుమరంగు పొర కడుతుంది. ఆ పొర మరీ మందమైతే ఇబ్బందే, నిజమే. అందుకే నేను రెండూ కలిసిన ఇంధనాన్నే ఇష్టపడతాను. నూనెలో ఎక్కువ భాగం సింథటిక్ ఉన్నా సరే, కొంతైనా ఆముదం ఉండాలి. ఆముదం చుక్క కూడా లేని ఇంధనం కొత్తగా నేర్చుకునేవాళ్ల చేతికివ్వడం నాకు నచ్చదు. పొరపాట్లు చేసేది వాళ్లే, ఆ పొరపాట్లని కాసుకునేది ఆముదమే. ఒక జాగ్రత్త ఉంది. గింజలు వేయించి, దంచి, నీళ్లలో మరిగించి తీసే వంటాముదం దీనికి పనికిరాదు. అందులో తేమ, మడ్డి ఉంటాయి. సుగంధాలు కలిపిన తలనూనె అసలే వద్దు. జిగురు తీసి శుద్ధి చేసిన మేలురకం ఆముదమే కావాలి.

మైదానంలో ఎక్కువ ఇంజన్లు పాడయ్యేది నీడిల్ దగ్గర. కార్బొరేటర్ పక్కనుండే ఆ చిన్న మరను బిగిస్తే ఇంధనం తగ్గుతుంది, తెరిస్తే పెరుగుతుంది. బిగించేకొద్దీ ఇంజన్ గొంతు మారుతుంది. ముందు గరగరలాడుతూ తడబడుతుంది, తర్వాత ఒక్కసారిగా స్వరం పెరిగి సన్నగా, తెంపులేకుండా పాడుతుంది. ఆ పాట వినగానే కుర్రాళ్లకు ఆశ పుడుతుంది.

‘ఇంకొక్క క్లిక్కు బిగిద్దాం బాబాయ్, ఇంకా లాగుతుంది’ అంటాడొకడు.

‘లాగుతుందిరా, నేల మీద లాగుతుంది. పైకెళ్లాక ఏడుస్తుంది. వెనక్కి తిప్పు’ అంటాడు ఆ బాబాయ్.

బాబాయ్ మాటే సరైనది. గాల్లోకి లేచాక ప్రాపెల్లర్ మీద బరువు తగ్గి చుట్లు ఇంకా పెరుగుతాయి, ట్యాంకులో ఇంధనం మట్టం తగ్గుతుంది, మిశ్రమం మరింత పలచబడుతుంది. కాబట్టి నేల మీద అత్యధిక వేగం ఎక్కడుందో కనుక్కుని, అక్కణ్ణించి రెండు మూడు వందల చుట్లు తగ్గేదాకా నీడిల్‌ని వెనక్కి తెరవాలి. ఇంధనపు గొట్టాన్ని రెండు వేళ్లతో ఒక్క క్షణం నొక్కి వదిలితే విషయం బయటపడుతుంది. నొక్కగానే స్వరం కాస్త పెరిగి మళ్లీ దిగిందా, ఇంజన్ క్షేమం. నొక్కీ నొక్కగానే ఆగిపోవడానికి చూసిందా, అది అప్పటికే లీన్‌లో, అంటే ఇంధనం చాలని స్థితిలో ఉంది. తర్వాత విమానాన్ని గట్టిగా పట్టుకుని ముక్కు ఆకాశం వైపు ఎత్తాలి. అప్పుడు కూడా గొంతు తగ్గకూడదు. ఎగురుతున్నప్పుడు వెనకాల సన్నని తెల్లపొగ గీత కనిపిస్తే లోపల నూనె ఉన్నట్టు.

నీడిల్‌ని ఒకసారి కుదిర్చి మర్చిపోవడం కుదరదు. విశాఖ సముద్రపుటొడ్డున కుదిర్చిన నీడిల్ హైదరాబాదులో సరిపోదు. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న ఆ నగరంలో గాలి సుమారు 5 శాతం పలచన. ఎత్తు కన్నా మోసం చేసేది ఋతువు. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో ఉన్న గాలి కన్నా డిసెంబరు ఉదయం 15 డిగ్రీల గాలి దాదాపు 9 శాతం చిక్కన. వేసవిలో బిగించిన నీడిల్‌తోనే చలికాలపు ఉదయం ఎగరేస్తే అంత చిక్కని గాలికి ఇంధనం చాలదు. ఇంజన్ మాత్రం అద్భుతంగా లాగుతున్నట్టే ఉంటుంది, కాసేపటికి గ్లో ప్లగ్ తీగ తెగిపోతుంది. ప్లగ్ నాసిరకమని తిట్టుకుంటూ ఇంకోటి కొనేవాళ్లని చూశాను. ముందు నీడిల్ చూడాలి.

నీడిల్ సరిగానే ఉన్నా లీన్ అవుతుంటే ట్యాంకు తెరవండి. లోపల గొట్టం చివర క్లంక్ అనే చిన్న ఇత్తడి గుండు ఉంటుంది. విమానం ఎటు వాలితే అటు అది ఇంధనంలో మునిగి ఉండాలి. ఆ గొట్టానికి సూదిమొనంత చిల్లు పడితే చాలు, గాలిబుడగలు లోపలికొస్తాయి. ట్యాంకు నడిమి మట్టం నీడిల్ మట్టానికి కొద్దిగా కిందుండాలి, చుట్టూ మెత్తని ఫోమ్ ఉండాలి. లేకపోతే అదురుకి ఇంధనమే నురగ కడుతుంది.

కొత్త ఇంజన్‌ని పనికి అలవాటు చేసే పద్ధతి అది ఏ రకమో చూసి ఎంచుకోవాలి. రింగు ఉన్న పిస్టనైతే నింపాదిగా, బాగా రిచ్‌గా, అంటే ఇంధనం ఎక్కువ పోనిస్తూ నడిపించొచ్చు. ఏబీసీ రకంలో అల్యూమినియం పిస్టన్, క్రోమ్ పూత ఉన్న ఇత్తడి స్లీవ్ ఉంటాయి. స్లీవ్ పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు పైన బిగిసిపోయినట్టుంటుంది, వేడెక్కాకే సరైన సందు ఏర్పడుతుంది. దాన్ని చల్లగా, మరీ రిచ్‌గా గంటల తరబడి తిప్పితే మేలు చేద్దామని కీడు చేసినట్టే. తగినంత వేడెక్కనివ్వాలి, మధ్యమధ్య చల్లారనివ్వాలి.

సాయంత్రం చివరిసారి దిగాక మన శ్రద్ధ సన్నగిల్లుతుంది. ఇంజన్‌ని తుప్పు పట్టుకునేది అక్కడే. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మండిన నైట్రో ఆమ్లపు ఛాయలు వదులుతుంది. రెండూ కలిసి వెనక బేరింగును తింటాయి. తీరప్రాంతాల్లో, వానాకాలంలో ఇంకా తొందరగా. కాబట్టి ఇంధనపు గొట్టం లాగేసి, లోపలున్నది పూర్తిగా కాలిపోయేదాకా ఇంజన్‌ని నడిపి ఆపాలి. తర్వాత గ్లో ప్లగ్ రంధ్రంలో, కార్బొరేటర్ నోట్లో నాలుగు చుక్కల పలుచని యంత్రాల నూనె వేసి, ప్రాపెల్లర్‌ని చేత్తో తిప్పాలి. ట్యాంకు ఖాళీ చేయాలి. డబ్బా మూత గట్టిగా బిగించాలి. మూత వదులుగా ఉన్న డబ్బాలోని ఇంధనం తేమ పట్టాక ఎంత నీడిల్ తిప్పినా నిలకడగా నడవదు.

పెద్ద మోడళ్లకి ఇప్పుడు పెట్రోలు ఇంజన్లు వచ్చాయి. అక్కడ మంచి టూ స్ట్రోక్ ఆయిల్‌ని తయారీదారు చెప్పిన పాళ్లలో కలపాలి, ఆముదంతో పనిలేదు. గ్లో ఇంజన్‌కి వాడే సిలికాన్ గొట్టం పెట్రోలులో ఉబ్బి మెత్తబడుతుంది. మన బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు దొరుకుతోంది. అది తేమ పీలుస్తుంది, కార్బొరేటర్ లోపలి పల్చటి డయాఫ్రం పొరల్ని గట్టిపడేలా చేస్తుంది. నెలల తరబడి ట్యాంకులో ఉంచకూడదు.

చాలామంది బ్యాటరీ విమానాలకి మారిపోయారు. అందువల్ల పాత గ్లో ఇంజన్లు అటకల మీద, పెట్టెల్లో పడి ఉన్నాయి. అలాంటిది మీ చేతికొస్తే ప్రాపెల్లర్ కదలడం లేదని రెంచి పెట్టి విరగతిప్పకండి. చాలాసార్లు అది పాడైన ఇంజన్ కాదు, ఆముదం గట్టిపడి పట్టేసిన ఇంజన్. హెయిర్ డ్రయ్యర్‌తో నెమ్మదిగా వేడి చేస్తే ఆముదం కరిగి షాఫ్టు వదులవుతుంది. బేరింగులు గరగరమంటుంటే మార్చండి, అవి మామూలు కొలతల్లోనే దొరుకుతాయి. కొత్త ప్లగ్, కొత్త గొట్టాలు వేయండి. మొదటి ట్యాంకుకి ఆముదం కాస్త ఎక్కువున్న ఇంధనం పోసి, నీడిల్‌ని ఉండాల్సినదానికన్నా అర చుట్టు ఎక్కువ తెరిచే నడపండి.